బలరాం కత్తి

మా నాన్న పోయిన మూడో నెలలో, తొలివానలు పడిన వారం, అమ్మా నేనూ ఆయన ట్రంకుపెట్టె తెరిచాం. అందులో నలభైమూడు కత్తులున్నాయని మాకు తెలుసు. ఏ కత్తి ఎవరు చేశారన్నది మాత్రం ఆయన ఒక్కడికే తెలుసు. ఆ సంగతి ఎవరికీ చెప్పకుండానే, మార్చి నెలలో ఒక మధ్యాహ్నం ఫస్ట్ షిఫ్ట్ నుంచి వచ్చి, అన్నం తిని, కాసేపు నడుం వాల్చి, ఇక లేవలేదు.

ఇది 1994 నాటి మాట. నాన్న పేరు శంకరరావు. భిలాయి ఉక్కు ప్లాంటులో ఫోర్జ్ షాపు క్రేను నడిపేవాడు. కింద ఎర్రగా కాలిన ఇనుముకి రూపం తెచ్చే మనుషులను పైనున్న క్యాబిన్‌లో కూర్చుని ముప్ఫై ఏళ్ళు చూశాడు. చూసీ చూసీ వాళ్ళ చేతుల మీద ఆయనకు మోజు పుట్టింది. ఎవరితో స్నేహం కుదిరినా, "నీ చేత్తో నాకొక కత్తి చేసిపెట్టు" అని అడిగేవాడు. ప్లాంటులోంచి గుండుసూది కూడా బయటికి రానివ్వరు కాబట్టి, వాళ్ళు పాత సామాన్ల కొట్లో లారీ స్ప్రింగు పట్టీ ముక్క కొనుక్కుని, పెరట్లో చిన్న కొలిమి పెట్టి చేసి ఇచ్చేవారు. అందులో మన శ్రీకాకుళం వాళ్ళున్నారు, బిహారీలున్నారు, ఇక్కడి ఛత్తీస్‌గఢీ కమ్మరులు, లోహార్లున్నారు. ఏడాదికొకసారి నాన్న ఆ కత్తులన్నీ మంచం మీద పరిచి, నూనె రాసి, మళ్ళీ పెట్టెలో సర్దేవాడు. పేర్లు రాసి పెట్టొచ్చు కదా అని నేనంటే, మనిషి చెయ్యి తెలియడానికి పేరెందుకే అనేవాడు. పెట్టె తెరిచాక ఆ మాట తలుచుకుంటే నాకు ఒళ్ళు మండింది.

ఎందుకంటే ప్లాంటు వాళ్ళ క్వార్టరు సెప్టెంబరు నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. కోహ్కా బస్తీలో అద్దెకు రెండు గదులు చూసుకున్నాం. ఆ రెండు గదుల్లో అమ్మ దేవుడి పటాలకే చోటు చాలదు. కత్తుల పెట్టెను ఏం చేద్దామని అడిగితే, అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఎవరి చేతి పని వాళ్ళింటికి పంపించేద్దామంది. చెప్పడం సులువే. ఆ చేతులేవో కనిపెట్టే పని నా నెత్తిన పడింది.

నేను అప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. గీత చూసి ఏ పిల్లవాడిదో చెప్పేస్తానని నాకు కాస్త గర్వం ఉండేది. కాస్తేం కాదు, బాగానే ఉండేది. రెండు ఆదివారాలు కూర్చుని, ఒక్కో కత్తినీ చార్టు కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీశాను. ఇనుములన్నీ నా కంటికి ఇంచుమించు ఒకేలా కనబడ్డాయి. తేడా అంతా పిడుల్లో ఉంది. కొన్నిటికి గుండ్రటి పిడి, కొన్నిటికి పలకలు తీసినది, కొన్నిటికి వేళ్ళు ఆనేలా గాడులున్నది. సరే, ఎవరి పిడి తీరు వాళ్ళదే కదా అనుకుని, పిడుల ప్రకారం ఏడు గుంపులు చేశాను. ఏడుగురు పనివాళ్ళు తేలారు. పేర్లు వెతకడమే మిగిలిందని సంబరపడ్డాను.

పెట్టెలో చేరని కత్తి ఇంకొకటి మా వంటింట్లో ఉంది. దాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు, ఎందుకంటే అది ఎవరు చేశారో మా ఇంట్లో అందరికీ తెలుసు. మా అమ్మ పార్వతమ్మది ఎడమచేతి వాటం. అన్నం కుడిచేత్తోనే తింటుంది, బొట్టూ కుడిచేత్తోనే పెట్టుకుంటుంది, అవి పుట్టింట్లో కొట్టి నేర్పినవి. కూర తరగడం దగ్గర మాత్రం ఆ చెయ్యి మాట వినలేదు. ఏ కత్తి పట్టుకున్నా ముక్క ఒక పక్కకి లాగేసేదట. పెళ్ళయి భిలాయి వచ్చిన కొత్తలో నాన్న ఒక కత్తి తెచ్చి ఇచ్చాడు. దానితో కోస్తే ముక్కలు తిన్నగా పడ్డాయి. ఆయన జన్మలో చేసింది ఒక్కటే కత్తి, అది నా కోసం చేశాడని అమ్మ ఇరుగుపొరుగుకి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. నాన్న మీద ఆమెకు ఉన్న ఫిర్యాదులు తక్కువేం కాదు. ఆదివారం వస్తే చాలు, కోహ్కాలో స్నేహితుడింటికి పేకాటకి పోతాడని వారమంతా సణిగేది. అంత సణుగుడూ ఆ కత్తి దగ్గరికొచ్చేసరికి ఆగిపోయేది.

జూలైలో, ముసురు పట్టిన ఒక సాయంత్రం, మా గుమ్మంలో ఒకావిడ గొడుగు ముడుస్తూ నిలబడింది. బక్కపలచటి మనిషి. పేరు వరలక్ష్మమ్మ అనీ, క్యాంప్ వన్ బస్తీ నుంచి వచ్చాననీ చెప్పింది. శంకరరావుగారి కత్తులు ఎవరివి వాళ్ళకిచ్చేస్తున్నారని అక్కడెవరో అన్నారట. ఆమె భర్త బలరాం ఫోర్జ్ షాపులోనే సుత్తి పని చేసేవాడు. అరవై ఎనిమిదిలో పచ్చకామెర్లతో పోయాడు. అప్పటికి కొడుకు సతీష్‌కుమార్‌కి ఎనిమిది నెలలు. ఇడ్లీలు వేసి అమ్మి వాణ్ణి పెంచింది. వాడు ఈ ఏడే నందినీ రోడ్డులో సొంతంగా షెడ్డు పెట్టాడు, గ్రిల్సూ గేట్లూ చేస్తాడు.

అమ్మ ఇచ్చిన టీ పక్కన పెట్టుకుని ఆమె అసలు మాట చెప్పింది. సెప్టెంబరు పదిహేడున విశ్వకర్మ పూజ. భిలాయిలో ఆ రోజు మిషను ఉన్న ప్రతి చోటా, చివరికి సైకిలు పంచర్లు వేసే చోట కూడా పూజే. కొడుకు సొంత షెడ్డులో అది మొదటి పూజ.

"దేవుడి పటం కాడ ఆళ్ళ నాన్న చేతి పనొకటి పెట్టాలని ఉన్నాదమ్మా," అంది. "ఆడు నాన్నని చూళ్ళేదు. ఫోటో ఉన్నాదంటే ఉన్నాది, యాభైమంది మధ్యన మొహం మిరియం గింజంత. ఆయన చేసిన కొడవలి ఒకటుండీది. ఇల్లు మారినప్పుడు ఎవరో తుక్కులో ఏసీసినారు. ఇంక నా కాడ ఆయన చేసిన వస్తువు ఏటీ లేదు."

గుర్తు పట్టడానికి ఏమైనా ఆనవాలు చెప్పమన్నాను. కొలిమి దగ్గరికి తానెప్పుడూ పోలేదంది. ఆ కొడవలి పిడికి మాత్రం ఇత్తడి రివెట్లు ఉండేవని గుర్తంది.

నేను లేచి లోపలికి వెళ్ళాను. నలభైమూడింట్లో ఇత్తడి రివెట్లున్న కత్తి ఒక్కటంటే ఒక్కటే ఉంది, మూడు రివెట్లూ తళతళలాడుతూ; నా లెక్కలో అదొక్కటే ఒక గుంపు. తీసుకొచ్చి అందించబోతే, కత్తి చేతికివ్వకూడదు కింద పెట్టమ్మా అందామె. చాప మీద పెట్టాను. తీసుకుని కళ్ళకద్దుకుంది. ఏడవలేదు గానీ, కొంగుతో దాని పిడిని పదేపదే తుడిచింది. ఆమె వెళ్ళాక, ఒకసారి ఎవరినైనా అడగాల్సిందేమోనే అంది అమ్మ. కళ్ళకు కనబడుతుంటే ఇంకా అడగడమేమిటని నేను కసురుకున్నాను.

మర్నాడు సతీష్ స్కూటరు మీద వచ్చాడు. ఇక్కడే పుట్టి పెరిగినవాడు, వాడి తెలుగులో సగం హిందీ. "దీదీ, మా అమ్మ ఇంత ఖుష్‌గా ఉండడం నేను ఎప్పుడూ చూడలేదు," అని చెప్పి, మా కిటికీ ఊచ ఒకటి ఊడిపోయి ఉంటే అడక్కుండానే సరిచేసి వెళ్ళాడు. ఖాళీ చేసి వెళ్ళిపోయే ఇల్లు బాబూ అన్నా వినలేదు. ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు. స్టాఫ్ రూములో ఈ కథ నాలుగుసార్లు చెప్పాను, నాలుగోసారికి రివెట్ల మెరుపు ఇంకాస్త పెరిగింది.

మిగిలిన ఆరు గుంపులకూ పేర్లు దొరకలేదు. ఫోర్జ్ షాపు పాత ఫోర్‌మన్ పార్థసారథి గారికి తెలుస్తుందని అందరూ అన్నారు. నాన్న ఆదివారాలు వెళ్ళే స్నేహితుడు ఆయనే. కానీ ఆయన కంటి ఆపరేషనుకని కూతురి దగ్గరికి విశాఖపట్నం వెళ్ళి ఉన్నాడు. ఆగస్టు చివర తిరిగొచ్చాడని తెలియగానే, కత్తులు గోనెసంచీలో చుట్టి, చార్టు భుజాన వేసుకుని, లూనా బండి మీద చినుకుల్లోనే కోహ్కా బయల్దేరాను.

సారథి మావయ్య వరండాలో నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నాన్న గురించి కాసేపు మాట్లాడి, తరవాత నా చార్టు చూపించమన్నాడు. కళ్ళద్దాలు పైకెత్తి, కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, ఏడు గుంపులూ చూశాడు.

"ఏటమ్మా ఇది, పెళ్ళిసంబంధాల పట్టీలాగుంది," అన్నాడు. "దేన్ని చూసి విడగొట్టేవు?"

పిడుల్ని చూసి అన్నాను.

"పిడి చూస్తే ఏటి తెలుస్తాది? పిడులన్నీ ఒక్కడియ్యే. మీ నాన్నవి."

నాకు అర్థం కాలేదు. ఆయన వరండా మూల చూపించాడు. అక్కడొక చెక్కపెట్టె ఉంది. అందులో ఆకురాళ్ళు, చిన్న రంపం, తుమ్మ చెక్క ముక్కలు, సగం చెక్కిన పిడి ఒకటి. స్నేహితులిచ్చిన ఇనుములకి నాన్న ఇక్కడ కూర్చుని పిడులు వేసేవాడట, ఆదివారం ఆదివారం, ఇరవై ఎనిమిదేళ్ళు. మొదట్లో బొత్తిగా చేతకాలేదు. కుదిరేదాకా ఇంట్లో చెప్పకు సారథీ అన్నాడు. గుండ్రటివి కొన్నేళ్ళు చేశాడు, అవి విసుగొస్తే పలకలవి, ఆ తరవాత గాడులవి. చెయ్యి తిరిగాక కూడా చెప్పలేదు, అప్పటికి అదే అలవాటైపోయింది. మరి పేకాటో అని నేనడిగితే, మీ నాన్న ముక్కలు పట్టగా నేనెప్పుడూ చూళ్ళేదని మావయ్య ప్రమాణం చేశాడు. నేను ఏడుగురు పనివాళ్ళని కనిపెట్టాననుకున్నాను. కనిపెట్టింది మా నాన్న చేతిని ఏడుసార్లు. అది తెలియగానే నవ్వొచ్చింది, నవ్వు అయ్యేలోపే కళ్ళు మసకలయ్యాయి.

అప్పుడాయన ఒక్కో కత్తీ అందుకుని, కళ్ళు మూసుకుని, బొటనవేలు పదును లేని దాని వీపు మీద నడిపించడం మొదలుపెట్టాడు. ఇనుము చూడాలి గానీ కర్ర కాదన్నాడు. మొన వైపు పోయేకొద్దీ వీపు పలచనైతే అది సింహాచలానిది, ఆడికి ఓపిక ఎక్కువ. మధ్యలో చిన్న గుంట తగిలితే రామ్‌ఖిలావన్, ఆఖరి దెబ్బ ఎప్పుడూ గట్టిగా వేసేవాడు. నేను పక్కన కూర్చుని పేర్లు రాసుకున్నాను. పదకొండుమంది తేలారు. గంటన్నర గడిచాక సంచీ ఖాళీ అయింది. మావయ్య చేతులు తుడుచుకుంటూ, మరి బలరాందేదమ్మా అని అడిగాడు.

అది విశ్వకర్మ పూజలో పెట్టుకోడానికి వాళ్ళావిడకి ముందే ఇచ్చేశాననీ, ఆమె మురిసిపోయిందనీ, ఇత్తడి రివెట్లున్నది ఆయనదేననీ గర్వంగానే చెప్పాను.

"ఇత్తడి రివెట్లదా? అది నేను చేసిన కత్తి కదే," అన్నాడు మావయ్య. "నా రిటైర్మెంటని మీ నాన్న దానికి సరదాగా ఇత్తడి ఏసేడు."

వానచినుకులు ఎస్బెస్టాస్ రేకు మీద గట్టిగా పడుతున్నాయి. నేను మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే చెప్పాడు. బలరాం సుత్తి ఎడమచేత్తో పట్టేవాడనీ, షాపు మొత్తానికి ఎడమచేతివాడు అతనొక్కడేననీ అన్నాడు. కుడిచేతివాళ్ళు కత్తికి కుడిపక్కన సాన పడతారు, అందుకే వాళ్ళ చేతిలో అది తిన్నగా దిగుతుంది. బలరాం ఎడమపక్కన పట్టేవాడు. ఈ సంచీలో అలాంటిది ఒక్కటీ లేదన్నాడు.

ఎక్కడుందో నాకు ఆ క్షణంలోనే తెలిసింది. మావయ్యే చెప్పాడు.

"అరవై ఆరులో మీ నాన్న ఆడి దగ్గరకొచ్చేడు. మా ఇంట్లో ఏ కత్తీ మా ఆవిడ చేతికి దిగడం లేదు, కూర తరగడానికి కూకుంటే కళ్ళనీళ్ళెట్టుకుంటన్నాది, నువ్వైతే తెలుసుకుంటావు అన్నాడు. బలరాం చేసిచ్చేడు. మీ నాన్న దానికి పిడి ఏసేడు, అదే ఆయన ఏసిన మొదటి పిడి. పట్టు కుదిరిందో లేదో చూడాలని తానే ఎడమచేత్తో పట్టుకుని బంగాళదుంప కోసి, కుడి చూపుడువేలు తెగ్గోసుకున్నాడు. మూడు కుట్లు పడ్డాయి."

లేవబోతుంటే ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆ తల్లి సంతోషంగా ఉందిగా, నా కత్తికి దేవుడి పక్కన చోటొస్తే నాకు మాత్రం నష్టమేముంది, నేను నోరెత్తను, నీ ఇష్టం అన్నాడు. ఇంటికొస్తూ దారి పొడుగునా ఆ మాటే పట్టుకున్నాను. నిజమే. ఎవరూ ఏమీ అనకపోతే వరలక్ష్మమ్మ దండం పెట్టుకుంటుంది, సతీష్ పూజ చేసుకుంటాడు, అమ్మకి ఆమె కత్తి ఉంటుంది. నా తప్పు నాలోనే ఉంటుంది. చెప్పానంటే క్యాంప్ వన్‌లో ఒకావిడ దగ్గర సంతోషం లాక్కోవాలి, మా వంటింట్లో ఇంకొకావిడ దగ్గర కత్తి లాక్కోవాలి, దానితో పాటు ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆమె చెప్పుకుంటున్న ఒకే ఒక గొప్ప కూడా. ఏ పక్క నుంచి ఆలోచించినా నోరు మూసుకోవడమే మంచిదనిపించింది. పది రోజులు పైగా మూసుకున్నాను.

వినాయకచవితి వెళ్ళిన మూడో రోజు అమ్మ దొండకాయలు తరుగుతోంది. ఎడమచెయ్యి ఆడుతూ ఉంటే, చక్రాలు ఒకదాని మీద ఒకటి వరసగా పడుతున్నాయి. కత్తి అరిగి అరిగి సగమైంది. సాన ఎడమపక్కనే ఉంది. ఇన్నేళ్ళూ కళ్ళెదుట ఉన్నదాన్ని, గీతలు చూసి మనుషుల్ని పోల్చే నేను ఎప్పుడూ చూడలేదు. మొహం అలా ఉందేమిటని అమ్మ అడిగింది. నేను గడప మీద కూర్చుని మొత్తం చెప్పేశాను.

అమ్మ చెయ్యి ఆగలేదు. చివరి దొండకాయ దాకా తరిగింది. తరవాత కత్తిని పళ్ళెంలో పెట్టి, "అయితే ఇది ఆయన చెయ్యలేదన్నమాట," అంది.

నేను తరిగిన ముక్కలు గిన్నెలోకి తీశాను.

"ఇది మీరే చేసేరా అని ఆ రోజు నేనే అడిగేను. నవ్వేడు. ఇరవై ఎనిమిదేళ్ళు ఊళ్ళో అందరికీ చెప్పుకున్నాను. అప్పుడూ నవ్వుతూనే ఊరుకున్నాడు." ఆమె గొంతులో ఏడుపు లేదు, కోపమే ఉంది. పోయిన మనిషి మీద అంత కోపం రాగలదని నాకప్పటిదాకా తెలియదు. రెండు రోజులు నాన్న ఫోటో ముందు దీపం పెట్టలేదు. వంట మాత్రం చేసింది, కత్తి ముట్టుకోకుండా పప్పూ చారూ చేసింది.

మూడో రోజు పొద్దున్న నేను స్కూలుకి తయారవుతుంటే వచ్చి, ఆయన వేలికి మూడు కుట్లు పడ్డాయని సారథి అన్నాడా అని అడిగింది. అవునన్నాను. "క్రేను గొలుసు తగిలిందన్నాడు నాతో," అంది. "వారం రోజులు నేనే కలిపి తినిపించేను." అలా గోడకి ఆనుకుని నిలబడి, ఆదివారాలన్నీ పిడులేనా, పేకాట కాదా అని ఇంకోసారి అడిగింది. కాదన్నాను. అనవసరంగా తిట్టేను కదే అని నవ్వబోయి, అప్పుడు ఏడ్చింది. మార్చి నుంచి ఏడవనిదంతా ఆ పూట ఏడ్చింది. నేను స్కూలుకి వెళ్ళలేదు.

మధ్యాహ్నం మొహం కడుక్కుని వచ్చి కత్తి మీద నూనె రాసింది. పాత నేతచీర ముక్కలో చుట్టింది. ఇవ్వకపోయినా ఎవరికీ తెలియదమ్మా అని నేను ఆఖరిసారి అన్నాను. నిజం చెప్పాలంటే, అమ్మ చేతిలోంచి అది పోతుంటే చూడలేక అన్నాను.

"నాకు తెలుసు కదా," అంది అమ్మ. "ఆయన చెయ్యనిదాన్ని ఆయన చేసేడనుకుని నేను ఇన్నాళ్ళు కళ్ళకద్దుకున్నాను. ఇంకో ఆడదాని చేత కూడా అదే చేయించమంటావేటి?"

పదిహేడో తారీకు పొద్దున్న వాన తెరిపిచ్చింది. నందినీ రోడ్డు పొడుగునా షెడ్లలో మైకులు మోగుతున్నాయి. సతీష్ షెడ్డు ముందు మామిడాకులు కట్టారు. వెల్డింగ్ మిషనుకీ, డ్రిల్లుకీ, కోత మిషనుకీ బంతిపూల దండలు వేసి బొట్లు పెట్టారు. విశ్వకర్మ పటం కింద ఎర్రగుడ్డ పరిచి, దాని మీద ఇత్తడి రివెట్ల కత్తి పెట్టారు. పూజ ఇంకా మొదలవలేదు. వరలక్ష్మమ్మ కొత్త చీర కట్టుకుని, మమ్మల్ని చూసి ఎదురొచ్చింది. నేను ఆమెను పక్కకి తీసుకెళ్ళి, తప్పు చేశాననీ, ఆ కత్తి బలరాంగారిది కాదనీ, ఎలా తెలిసిందో మొత్తం చెప్పాను. నా జీవితంలో అంత కష్టంగా ఏ మాటలూ చెప్పలేదు.

ఆమె మొహం వాడిపోయింది. "రెండు నెల్ల నుంచి దానికి దీపం పెడతన్నానమ్మా," అంది మెల్లగా. "తెలీకపోతే అడగాల గానీ." ఆ మాట పడ్డాను. పడాల్సిందే.

అమ్మ ముందుకొచ్చి, గుడ్డ విప్పి, కత్తిని ఆమె ఎదురుగా పీట మీద పెట్టింది. ఇది బలరాంగారిది వదినా, ఇన్నాళ్ళూ మా ఇంట్లో ఉండిపోయిందంది. వరలక్ష్మమ్మ వంగి చూసింది. ఇంత అరిగిపోయిందేమిటని అడిగింది. అరవై ఆరు నుంచి రెండు పూటలా దీనితోనే తరిగానని అమ్మ చెప్పింది. వరలక్ష్మమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని, ఆ అరుగుదల మీద వేలితో రాస్తూ, "దాచుకోకుండా వాడుకున్నారు. అదే మంచిది," అంది. ఎర్రగుడ్డ మీద నుంచి ఇత్తడి రివెట్లది తీసి నా ముందు పీట మీద పెట్టేసి, దీన్ని అక్కడ పెట్టింది. తనే దానికి బొట్టు పెట్టింది.

పూజ అయింది. ప్రసాదానికి పళ్ళూ, ఇక్కడి వాడుక ప్రకారం కీరాదోసకాయలూ కొయ్యాలి. సతీష్ బుట్ట ముందేసుకుని కూర్చుని, నాన్న కత్తితోనే మొదటిది కోస్తానన్నాడు. ఎర్రగుడ్డ మీద నుంచి కత్తి తీసుకుని, ఒక కీరాదోసకాయ పట్టుకుని, ఏమీ ఆలోచించకుండా కోశాడు. ముక్కలు పలచగా, తిన్నగా, ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. అప్పుడు చూశాను, వాడు కత్తి ఎడమచేత్తో పట్టుకున్నాడు.

"చిన్నప్పుడు దీనికే కొట్టీదాన్ని," అంది వరలక్ష్మమ్మ, తనలో తాను అనుకుంటున్నట్టు. "ఇంటికాడ ఆయన అన్నీ కుడిచేత్తోనే చేసీవోడు. ఎక్కడి నుంచి వొచ్చిందో ఈ అలవాటు అని కొట్టీదాన్ని."

సతీష్ కోయడం ఆపి కత్తిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఇంకో ముక్క కోశాడు. ఇంకొకటి కోశాడు. ఇరవై ఆరేళ్ళ మనిషి, కళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయి, బుట్టలో ఉన్న కీరాదోసకాయలన్నీ కోసేశాడు. మేము ముగ్గురం నిలబడి చూస్తూ ఉన్నాం. ఎవరం వద్దనలేదు.

మేము బయల్దేరుతుంటే వాడు స్కూటరు తీసి దిగబెడతానన్నాడు. వద్దన్నాం. కత్తి ఇంకా వాడి చేతిలోనే ఉంది. అమ్మ కోసం ఏదైనా చెయ్యాలని వాడికి అనిపించింది కాబోలు, దాన్ని చూపిస్తూ, "ఆంటీ, దీని పిడి పూరా ఘిస్‌ గయా, అరిగిపోయింది. నేను మంచి కొత్తది వేయించి పక్కాగా పెట్టుకుంటాను," అన్నాడు.

అమ్మ మెట్టు దిగబోతూ ఆగింది.

"ఇనుము మీ నాన్నది బాబూ, నీ ఇష్టం," అంది. "పిడి మాత్రం మార్చకు. అది మా ఆయన నాకోసం చేసేడు."